తాతబ్బాయి వైరస్

కుజగ్రహం, ఏడో సొరంగం. ఆరోగ్య తనిఖీదారు వేమగిరి తాతబ్బాయి రాసుకున్న చిట్టా.

తెర మీద రాస్తే ప్రతి అక్షరం అప్పటికప్పుడే నడిబస్తీలో పాలకమండలి పెద్దల కళ్ళ ముందు ఉంటుంది. అందుకని కాగితం పుస్తకంలో రాస్తున్నాను. ఇందులో నుంచి ఏది పంపాలో, ఏది పంపకూడదో నేను చూసుకుంటాను.

1. వలస వచ్చిన 31వ ఏడు, 402వ రోజు (కుజుడి ఏడాదికి 668 రోజులు)

ఇవాళ తొమ్మిదో మనిషి చెయ్యి వాలింది. మూడో వరసలో ఉండే కనకాంబ గారు పొద్దున్నే పళ్ళు తోముకోబోతే బ్రష్షు నోటిదాకా రాలేదట. చెయ్యి చాచమన్నాను. ముంజెయ్యి లేచింది గానీ, మణికట్టు దగ్గర్నుంచి కింది భాగం కోసి రెండ్రోజులైన తోటకూర కాడలా వేలాడింది. జ్వరం లేదు, దెబ్బ లేదు, వాపు లేదు. నరం చచ్చినట్టుంది.

మా సొరంగంలో నలభై ఇళ్ళు, నూట అరవై మూడు మంది. అందులో తొమ్మిది మందికి ఇదే. జనం అప్పుడే దీనికి 'వాలుచెయ్యి' అని పేరు పెట్టేశారు. జబ్బుకు పేరు పెట్టే ముందు ఆరోగ్య తనిఖీదారుని ఒక్క మాట అడగాలన్న మర్యాద ఎవరికీ తోచలేదు.

అందరికంటే ముందు చెయ్యి వాలింది మా ఆవిడ భ్రమరాంబకి. ఆవిడ గాలి జల్లెడలు అల్లుతుంది. బయటి ఎర్రదుమ్ము లోపలికి రాకుండా గాలిగొట్టాల మూతికి కట్టే సన్నటి వల అది. మూడు నెలలుగా సూది పట్టలేక, పక్కన కూర్చుని ఎవరెవరితోనో అల్లిస్తూ, వాళ్ళ అల్లిక చూసి ఏడుస్తోంది. రోజూ పొద్దున ఆవిడ మణికట్టు ఎన్ని డిగ్రీలు లేస్తుందో కొలబద్ద పెట్టి కొలుస్తున్నాను. ఇవాళ సున్నా. నిన్న సున్నా.

ఇది తప్పకుండా వైరస్సే. ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది కదా! ఇంతకుముందు ఎవరూ చూడలేదు కాబట్టి కొత్త వైరస్. కొత్త వైరస్‌కి కనిపెట్టినవాడి పేరు పెడతారు. నాకు ముప్పై ఏళ్ళ సర్వీసు ఉంది. అందులో ఇరవై తొమ్మిదేళ్ళు మరుగుదొడ్ల తనిఖీలోనే గడిచాయి. 'తాతబ్బాయి వైరస్' అని రెండుసార్లు పైకి అనుకుని చూశాను. బాగానే ఉంది.

2. 404వ రోజు

గోడ మీద సొరంగం పటం వేసి, జబ్బు వచ్చిన ఇళ్ళకు మేకులు కొట్టి, మేకు నుంచి మేకుకు ఎర్రదారం కట్టాను. మా ఇంట్లో మొదలైంది. అక్కణ్ణుంచి భ్రమరాంబ ప్రాణస్నేహితురాలు పైడితల్లి ఇల్లు. అక్కణ్ణుంచి పైడితల్లి వియ్యపురాలి ఇల్లు. అక్కణ్ణుంచి కనకాంబ గారిల్లు. అంతా స్నేహాల దారే. మా ఆవిడతో మాటలున్న ఇళ్ళకే జబ్బు వచ్చింది. మాటల్లేని ఇళ్ళు సుఖంగా ఉన్నాయి.

అంటే వైరస్ మాటల ద్వారా పోతోంది! మరి ఇరవై ఆరేళ్ళుగా ఆవిడతో మాట్లాడుతున్న నాకెందుకు రాలేదు? ఆలోచిస్తే నేను మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. వినేవాళ్ళకి రాదేమో. లేదా నా రక్తంలోనే ఏదో మహత్తు ఉండాలి. రెండూ రాసి పెట్టుకున్నాను.

ఈ సిద్ధాంతానికి పక్కింటి సూరాయమ్మ గారు మంచి సాక్ష్యం. డెబ్భై రెండేళ్ళ మనిషి. పొద్దస్తమానం దగ్గుతుంది, ఎదుటివాళ్ళ మొహం మీదే తుమ్ముతుంది, చేతులు మాత్రం ఉక్కులా ఉన్నాయి. ఏడు నెలలుగా ఆవిడతో ఎవరికీ మాటల్లేవు. మా పాతికేళ్ళ పెళ్ళిరోజు విందులో, నేను భ్రమరాంబకి బహుమతి ఇస్తుంటే, అంతమందిలో "నీ మొగుడు నీకు టోపీ పెట్టాడే అమ్మాయ్" అంది. ఆ రోజు నుంచి మా ఆడవాళ్ళు ఆవిణ్ణి వెలివేశారు. నేను కూడా సంతోషంగా సమర్థించాను.

3. 407వ రోజు

నడిబస్తీ ఆసుపత్రి నుంచి డాక్టర్ అడపా ప్రసూన నా కబురుకి జవాబు పంపింది. వైరస్ కాదని 430వ రోజులోగా తేలకపోతే మా సొరంగం తలుపు మూసి అతుకు వేసేస్తారట. మూడేళ్ళు. తిండీ నీళ్ళూ గొట్టాల్లో వస్తాయి. మనిషి లోపలికి రాడు, బయటికి పోడు. అప్పటిదాకా రోగుల్ని కూడా నడిబస్తీ ఆసుపత్రికి తీసుకోరు.

మూడేళ్ళ సంగతి భ్రమరాంబకి చెప్పాను. ఆవిడ కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "అప్పటికి ఇది ఎండిపోతాదండీ" అంది.

వెంటనే కట్టుదిట్టం చేశాను. ఎవరి ఇంట్లో వాళ్ళే ఉండాలి. పలకరింపులు బంద్. ముక్కుకి గుడ్డ, చేతికి తొడుగు. మధ్యదారిలో తిరిగే అధికారం నాకు ఒక్కడికే.

సాయంత్రానికే పైడితల్లి తలుపు సందులోంచి కేకేసింది.

"అన్నయ్యగోరూ, గిన్నె వంతు ఐదో వరస నూకరాజు గారింటిదండీ. ఇరవై రోజులైపోయింది. కనకాంబ గారి దగ్గర్నుంచి ఎవరట్టుకెళ్తారు?"

గిన్నె సంగతి చెప్పాలి. ఈ గ్రహం మీద చింతపండు పండించగలిగాం, మిరపకాయ పండించగలిగాం, చారుకి మాత్రం రుచి రప్పించలేకపోయాం. మా ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళుగా ఒకటే మాట: సత్తు గిన్నెలో, అంటే తగరం గిన్నెలో, కాగని చారు చారే కాదు. అందుకే పెళ్ళిరోజుకి నేను భ్రమరాంబకి సత్తు గిన్నె చేయించి ఇచ్చాను. సొరంగానికంతా అదొక్కటే. అందులో కాచిన చారు బెల్లం వెయ్యకుండానే తియ్యగా ఉందని అందరూ లొట్టలేశారు. నాకు కడుపులో మంట, పులుపు పడదు. పెరుగన్నంతోనే సరిపెట్టుకుంటాను. అయినా పొగడ్తలు నాకే వచ్చాయి. మొదటి ఐదు నెలలు మా ఇంట్లోనే ఉంది. ఇప్పుడు ఇంటికి ఇరవై రోజుల చొప్పున గిన్నె వంతులవారీగా తిరుగుతోంది. ఖాళీ గిన్నె గుమ్మం దాటకూడదు కదా, వెళ్ళేటప్పుడు నిండా చారుతోనే వెళ్తుంది.

ముక్కుకి రెండు గుడ్డలు, చేతులకి రెండు జతల తొడుగులు వేసుకుని గిన్నె నేనే మోశాను. పైన ఉన్న మూతని స్పిరిట్‌తో తుడిచాను. ఒక్క సూక్ష్మజీవి కూడా నూకరాజు గారి గుమ్మం తొక్కలేదని ఘంటాపథంగా చెప్పగలను.

4. 412వ రోజు

పరీక్ష పెట్టె 408నే నడిబస్తీ నుంచి వచ్చింది. దానికి మలం నమూనాలు కావాలి. రోగులందరికీ డబ్బాలు పంచి, రేపు పొద్దునకి కావాలన్నాను. మర్నాడు అన్ని డబ్బాలూ ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ.

"ఏం చెయ్యమంటారండీ," అంది పైడితల్లి సిగ్గుపడుతూ, "వారం నించీ రావట్లేదు. కడుపులో మెలిపెడతాంది."

కనకాంబ గారిదీ అదే గోల. మా ఆవిడదీ అదే. నేలకింద బతుకులో మలబద్ధకం ఎవరికి లేదు అనుకుని, అందరికీ ఆముదం పట్టించి, నాలుగో రోజుకి నమూనాలు సంపాదించాను. ఈ నాలుగు రోజుల చరిత్ర ఇక్కడ రాయను. ఇరవై తొమ్మిదేళ్ళ మరుగుదొడ్ల అనుభవం ఊరికే పోలేదని మాత్రం అంటాను.

పెట్టె రాత్రంతా గుర్రుమని ఇవాళ పొద్దున్నే ఫలితం ఇచ్చింది. తొమ్మిది మందిలోనూ ఒకటే వైరస్! నేను కుర్చీలోంచి లేచి ఒంటరిగా చప్పట్లు కొట్టాను. డాక్టరమ్మకి వార్త పంపాను. కింద చిన్న అక్షరాల్లో పేరు విషయం కూడా సూచించాను.

5. 414వ రోజు

జవాబు ఒక్క వాక్యం. "జబ్బు లేనివాళ్ళలో చూశారా?"

ఎంత తిక్క ప్రశ్న! దొంగ ఇంట్లో సొమ్ము దొరికాక పక్కింట్లో వెతుకుతారా? ఈ మాటే కొంచెం మర్యాదగా రాసి పంపాను. మళ్ళీ అదే వాక్యం వచ్చింది. ఈసారి చివర రెండు ప్రశ్నార్థకాలు ఉన్నాయి.

భ్రమరాంబ నా కాగితం చూసి అడిగింది.

"వైరస్ దొరికిందంటే మంచిదా, చెడ్డదా?"

"కనిపెట్టినందుకు మంచిదే."

"తలుపు మూసేస్తారుగా మరి?"

నేను పెన్ను కింద పెట్టాను. అంతవరకూ ఆ రెండు సంగతులూ నా బుర్రలో చెరో గదిలో ఉన్నాయి. నా పేరు నిలబడాలంటే మా తలుపు మూతపడాలి. ఆవిడ చెయ్యి ఎండిపోవాలి.

6. 417వ రోజు

జబ్బు లేనివాళ్ళలోనూ పరీక్షించాను. ముందు నేను. నాలో ఉంది! నూకరాజు గారి మామగారిలో ఉంది. దగ్గే సూరాయమ్మ గారిలో ఉంది. ఆవిడ డబ్బా అడిగిన పావుగంటకే గుమ్మం దగ్గర పెట్టి, "ఇంకోటి కావాలా?" అని లోపల్నుంచి అరిచింది. మొత్తం ఇరవై మందిని చూస్తే పంతొమ్మిది మందిలో ఉంది. లేనిది నూకరాజు గారి మనవరాలు, ఆరు నెలల పిల్ల.

డాక్టరమ్మ ఈసారి కాస్త పొడుగ్గానే రాసింది. అది మిరప మొక్కలకు పట్టే తెగులు వైరస్ అట. మనుషుల్ని ఏమీ చెయ్యదు. పచ్చడి తినే ప్రతివాళ్ళ పేగుల్లోనూ నడిచి బయటికి పోతూ ఉంటుంది. "మీ సొరంగంలో కారం ఎక్కువ తింటారని తేలింది," అని ముగించింది. దానికి నా పేరు పెట్టే విషయం ప్రస్తావించలేదు.

ఇక్కడ పుట్టిన పిల్లలందరికీ కుజదోషమే కాబట్టి ఏ సంబంధానికీ అడ్డం లేదని మా పురోహితుడు అంటూంటాడు. నా వైరస్ కథా అంతే. అందరికీ ఉన్నది ఎవరికీ దోషం కాదు.

ఈ వైరస్ కాకపోతే ఇంకో వైరస్ కావచ్చంటోంది పాలకమండలి. అసలు కారణం చూపించకపోతే 430న తలుపు మూత ఖాయం. ఇంక పదమూడు రోజులు.

7. 423వ రోజు

నూకరాజు గారి భార్య చెయ్యి వాలింది. ఆయన ఎడంచెయ్యీ వణుకుతోంది. పదహారు రోజులుగా ఆ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కలేదు. నేను తప్ప.

మధ్యదారిలో బల్ల మీద కూలబడ్డాను. వైరస్‌ని మోస్తున్నది నేనేనా? నాకు జబ్బు రాకుండా అందరికీ పంచుతున్నానా? ఇంట్లో మొదలైంది కూడా నా పెళ్ళాంతోనే! తలుపు మూసేదేదో నన్నొక్కణ్ణి లోపల పెట్టి మూస్తే పోతుందేమో అనిపించింది. నిజం చెప్పాలంటే ఏడిచాను. ముక్కుకి రెండు గుడ్డలు ఉండటంతో సరిగ్గా ఏడవడం కూడా కుదరలేదు.

సూరాయమ్మ గారు తలుపు తీసింది. ఏడు నెలల తర్వాత ఎదురుపడి అన్న మొదటి మాట.

"ఏరా తాతబ్బాయ్, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ. నూకరాజు గారింట్లోనూ వచ్చింది. గిన్నె ఇవ్వడానికీ, డబ్బాలు తేవడానికీ తప్ప నేనా గడప దగ్గరికే పోలేదు."

"గిన్నంటే? ఆ గిన్నేనా?"

"ఆ గిన్నే. సత్తు గిన్నె."

ఆవిడ చెయ్యి చాచింది. "తీసుకురా దాన్ని," అంది.

నూకరాజు గారింటి నుంచి తెచ్చాను. అలవాటు కొద్దీ వాళ్ళు చారు నింపే ఇచ్చారు. సూరాయమ్మ గారు చారు పారబోసి, గిన్నె అంచుని రెండు బొటనవేళ్ళతో పట్టుకుని వంచింది. డెబ్భై రెండేళ్ళ చేతులకి అది మైనంలా వంగింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ వంచింది.

"మా నాన్న ఊరూరా తిరిగి కళాయి వేసేవోడు, సత్తు గిన్నెలమ్మేవోడు. నిజం సత్తు వంచితే కీచుమని ఏడుస్తాది. విన్నావా? ఇదేడవదు. ఇదే నేనారోజు చెప్పబోతే నామీద పడి అరిచారు." తర్వాత నా చేతిలో పుస్తకం చూసి, "ఆ కాగితం ఇలా పెట్టు," అంది.

గిన్నె అంచుతో ఈ పేజీ మీద ఒక్క గీత గీసింది. పైన కనిపిస్తున్న ఆ నల్లటి గీత నాది కాదు. పెన్సిల్‌తో గీసిందీ కాదు.

"సీసం రా. పులుపు పోసి రోజూ కాచారు. కరిగి చార్లోకొచ్చేసింది. తియ్యగా ఉందని లొట్టలేశారు కదా? సీసం పులుపులో కరిగితే తియ్యగానే ఉంటాది."

సీసం పేగుల్ని బిగబట్టి నరాల్ని చంపుతుందని మా శిక్షణ పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఉంది. నేను నలభయ్యో పేజీ దాకా చదివాను.

ఇప్పుడు ఈ చిట్టాలో ఇన్ని రోజులుగా రాయని సంగతి ఒకటి రాయాలి. గిన్నె చేయించడానికి కొట్టు గది పోతురాజు దగ్గరికి వెళ్ళినప్పుడు అతను చెప్పాడు. "సత్తు లేదండి బాబూ. పాత అణుకొలిమి గదిలోంచి కిరణాలు బయటికి రాకుండా కట్టిన గోడ రేకులున్నాయి. మెత్తగా ఉంటాయి, మెరుస్తాయి. సత్తులాంటివే."

"లాంటివైతే చాలు," అన్నాను. పెళ్ళిరోజు ఎల్లుండి. అవి ఏ రేకులో అడగలేదు. ఇంటికొచ్చి భ్రమరాంబతో 'లాంటిది' అనే ముక్క మింగేసి, సత్తు గిన్నె అన్నాను. ఆ ముక్కే పదకొండు మంది చేతుల్ని పడగొట్టింది.

సూరాయమ్మ గారి మాట అబద్ధం కాదని ఆ రోజు విందులో నాకొక్కడికే తెలుసు. తెలిసే ఆవిడతో మాట్లాడొద్దని నలుగురికీ చెప్పాను.

8. 424వ రోజు

నిన్నటి పేజీని గీతతో సహా నడిబస్తీకి పంపాను. ఒక్క మాట కూడా తీయలేదు. పంపకముందు భ్రమరాంబకి చదివి వినిపించాను. ఆవిడ మధ్యలో ఆపింది.

"మీకు తెలుసా, అది సత్తు కాదని?"

"తెలుసు."

"ఇన్నాళ్ళూ?"

"సీసం అని తెలీదు. సత్తు కాదని తెలుసు."

కొట్టబోయింది. చెయ్యి లేచింది గానీ మణికట్టు లేవలేదు. వేళ్ళు నా భుజం మీద మెత్తగా రాసుకుంటూ జారిపోయాయి. నిమిరినట్టే ఉంది. దెబ్బ తగలనందుకు జీవితంలో మొదటిసారి ఏడిచాను.

"ఈ చెయ్యి లేచిన్రోజు మీకుంటాది," అంది భ్రమరాంబ. తర్వాత సూరాయమ్మ గారింటికి వెళ్ళి తలుపు కొట్టింది. లోపల ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. మాటలు వినబడలేదు. నా పేరు మాత్రం నాలుగైదుసార్లు వినబడింది.

9. 431వ రోజు

తలుపుకి అతుకు వెయ్యలేదు! నిన్న పాలకమండలి తీర్మానం వచ్చింది. ఇవాళ డాక్టర్ ప్రసూన స్వయంగా వచ్చింది. పదకొండు మంది రక్తంలోనూ సీసం ఉంది. సీసాన్ని ఒంట్లోంచి బయటికి లాగే మందు మొదలుపెట్టింది. చేతులు మళ్ళీ లేస్తాయా అని అడిగితే చాలామందికి లేస్తాయంది. భ్రమరాంబకి అందరికంటే ముందు వచ్చింది, అందరికంటే ఎక్కువ కాలం తాగింది కాబట్టి గట్టిగా చెప్పలేనంది.

సాక్ష్యం కోసం గిన్నె నడిబస్తీకి పంపాలి. సంచిలో పెడుతుంటే పైడితల్లి అడ్డుకుంది.

"ఖాళీ గిన్నె పంపుతారేంటి అన్నయ్యగోరూ! వాళ్ళేమనుకుంటారు?"

"అది విషం గిన్నె తల్లీ!"

"అయితే మాత్రం?"

చివరికి ఎండుమిరపకాయలు పోసి పంపాం. పొడివి కాబట్టి పరవాలేదని డాక్టరమ్మ ఒప్పుకుంది. రసీదులో ఇలా రాసింది: గిన్నె ఒకటి, మిరపకాయలు గుప్పెడు, వాటిలో తాతబ్బాయి గారి వైరస్ ఉన్నదని భావించబడుతోంది.

సూరాయమ్మ గారికి మధ్యదారిలో అందరి ముందూ దణ్ణం పెట్టి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ నా మొహం మీదే తుమ్మి, "సర్లే లే," అంది.

10. 569వ రోజు

నాలుగున్నర నెలలుగా రోజుకి మూడుసార్లు భ్రమరాంబ చేతికి నూనె రాసి, వేళ్ళు ఒక్కొక్కటే పైకి మడిచి, వంద లెక్కపెడుతున్నాను. పైడితల్లికి రెండో నెలలోనే లేచింది. కనకాంబ గారు పళ్ళు తోముకుంటున్నారు. నూకరాజు గారి భార్య బండ మీద పచ్చడి నూరుతోంది. మా ఇంట్లో కొలబద్ద దగ్గర మాత్రం సున్నా, సున్నా, ఒకటి, సున్నా.

చారు ఇప్పుడు స్టీలు గిన్నెలో కాస్తున్నారు. చప్పగా ఉంది. ఎవరూ పైకి అనరు. ఒక్కొక్కరు తాగి, నా వంక చూసి, నిట్టూరుస్తారు.

ఇవాళ పొద్దున నూనె రాస్తూ ఊరికే ఉండలేక అన్నాను. "ఏమైనా ఆ చారు రుచే వేరు అంటున్నారు జనం. గిన్నె మాటెలా ఉన్నా, మనసు మాత్రం నాది మంచిదే కదా భ్రమరా?"

ఠక్కుమని నడినెత్తిన మొట్టికాయ పడింది.

కళ్ళ ముందు నక్షత్రాలు కనబడ్డాయి. తేరుకుని చూస్తే భ్రమరాంబ తన చేతి వంకే నోరు తెరుచుకుని చూస్తోంది. పిడికిలి బిగిసి ఉంది. మణికట్టు నిటారుగా నిలబడి ఉంది. నేను కొలబద్ద కోసం పరిగెత్తాను. ముప్పై ఐదు!

"ఏదీ, ఇంకోసారి," అన్నాను తల వంచి.

ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంకోసారి కొట్టింది. నలభై.